డాష్‌బోర్డు పట్టికలో అంకెను అక్కడే దిద్దే ఏర్పాటు: మొదటి గడి నుంచి చివరి తనిఖీ దాకా

డాష్‌బోర్డు తయారుచేసి చేతికిచ్చిన వారం తిరగకముందే ఒక మాట వినిపిస్తుంది. "అంతా బాగుంది కానీ ఈ అంకె సరికాదు. ఇక్కడే నొక్కి మార్చుకునే వీలు పెట్టగలరా?" పెట్టకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి దించుకుంటారు, అందులో దిద్దుకుంటారు, పదిమందికి మెయిల్ చేస్తారు. నెల తిరిగేసరికి ఒకే అంకె నాలుగు రూపాల్లో చలామణి అవుతుంటుంది. డాష్‌బోర్డులో ఉన్నది అయిదోది.

మొదటిసారి ఈ పని నాకు అప్పగించినప్పుడు ఒక్క పూటలో ముగించాను. గడిని తెరిచాను, అందులో టైపు చేసినదాన్ని నేరుగా మూల పట్టికలోకి రాయించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి రోజూలాగే డేటా లోడింగ్ నడిచి, మూల వ్యవస్థలోని తాజా ప్రతిని తెచ్చి పాతదాని మీద పరిచింది. తెల్లవారేసరికి ఒక్క దిద్దుబాటూ మిగల్లేదు. ఏ అంకెను ఎవరు ఎంతకు మార్చారో చెప్పడానికి కూడా నా దగ్గర ఆధారం లేదు.

గడిని తెరవడం సులువు. అందులో పడిన అంకె ఎక్కడికి వెళ్లాలన్నదే కష్టం. ఇక్కడ నా పద్ధతి ఒక్కటే: మూల విలువను ఎన్నడూ చెరపను. దిద్దుబాటును విడిగా దాచి, చూపించేటప్పుడు మాత్రమే రెండింటినీ కలుపుతాను. కింద చెప్పే అడుగులన్నీ ఈ నిర్ణయం నుంచే వస్తాయి.

ఉదాహరణకు అమ్మకాల అంచనాల డాష్‌బోర్డు తీసుకుందాం. ప్రతి వరుసలో శాఖ, వస్తువు, నెల, కంప్యూటర్ లెక్కగట్టిన అంచనా ఉంటాయి. శాఖ మేనేజరు తన అనుభవాన్ని బట్టి ఆ అంచనాను సవరించాలి, కావాలంటే ఒక వ్యాఖ్య రాయాలి.

మొదటి అడుగు: ఏది దిద్దవచ్చో, ఏది దిద్దకూడదో తేల్చుకోవడం

"మార్చుకునే వీలు" అని అడిగే ప్రతివారూ ఒకే సంగతి అడగడం లేదు. నాకు తారసపడిన కోరికలు మూడు రకాలు. మొదటిది, మూలంలోనే తప్పు పడింది: బిల్లులో పరిమాణం 10 బదులు 100 అని ఎక్కింది. రెండోది, తప్పేమీ లేదు గానీ మనిషి విచక్షణ కలపాలి: అంచనాలు, లక్ష్యాలు, బడ్జెట్లు ఈ కోవలోవి. మూడోది, అంకెకు పక్కన ఒక సమాచారం చేర్చాలి: స్థితి, వర్గం, వ్యాఖ్య.

రెండో రకానికీ మూడో రకానికీ డాష్‌బోర్డు తగిన చోటు. మొదటి రకానికి కాదు. బిల్లు తప్పును డాష్‌బోర్డులో దిద్దితే బిల్లింగ్ వ్యవస్థలో ఒక అంకె, మీ తెరమీద మరో అంకె నిలుస్తాయి, ఏడాది తర్వాత ఆ తేడాకు కారణం ఎవరికీ గుర్తుండదు. అక్కడ గడిని తెరవకుండా, "ఇది తప్పు" అని గుర్తుపెట్టి మూలాన్ని చూసుకునేవారికి పంపే బొత్తాం ఒకటి పెట్టండి. అడిగినవారు కాస్త నొచ్చుకుంటారు. పర్వాలేదు.

ఆపైన కాలమ్ వారీగా జాబితా రాసుకోండి. శాఖ, వస్తువు, నెల వరుసను గుర్తించేవి కాబట్టి వాటికి తాళం. కంప్యూటర్ అంచనాకూ తాళం. మేనేజరు అంచనా, వ్యాఖ్య మాత్రమే తెరిచి ఉంటాయి. మొత్తాలు, శాతాలు, సగటులు లెక్కల్లో పుట్టేవి కనుక వాటిని ఎవరూ నేరుగా మార్చలేరు. మొత్తాన్నే మార్చాలని పట్టుబట్టేవారి కోసం కింద విడిగా ఒక అడుగు ఉంది.

రెండో అడుగు: దిద్దుబాట్లకు సొంత పట్టిక

ఈ పట్టికలో ఒక్కో వరుస ఒక్కో దిద్దుబాటు. అందులో ఉండవలసినవి: శాఖ, వస్తువు, నెల, ఏ కాలమ్‌ను మార్చారు, కొత్త విలువ, మార్చే సమయానికి మూలంలో ఉన్న విలువ, దిద్దుబాటు వరుస సంఖ్య, అంటే అదే గడికి ఇది ఎన్నో మార్పు అన్నది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు.

ఈ పట్టికలోకి చేర్చడమే ఉంటుంది. పాత వరుసను మార్చడం, తీసేయడం ఉండవు. ఒకే గడిని మూడుసార్లు మార్చితే మూడు వరుసలు. చూపించేటప్పుడు ప్రతి గడికీ అతి పెద్ద వరుస సంఖ్య ఉన్న దిద్దుబాటును ఎంచుకుంటాం. చరిత్ర కోసం మరో పట్టిక అక్కర్లేదు, ఇదే చరిత్ర.

డేటాబేస్‌లో ఒక వ్యూ, అంటే పట్టికలా చూడగలిగే దాచిన క్వెరీ రాసి, మూల పట్టికకూ దిద్దుబాట్ల పట్టికకూ లెఫ్ట్ జాయిన్ పెట్టండి. అది మూల వరుసలన్నింటినీ ఉంచి, దిద్దుబాటు ఉన్నచోట దాన్ని జతచేస్తుంది. దిద్దుబాటు ఉంటే అది, లేకపోతే మూల విలువ. చాలామంది దీనికి, వరుసలో ఖాళీ కాని మొదటి విలువను ఎంచే కోఅలెస్ ఫంక్షన్ వాడి వదిలేస్తారు, నేనూ వదిలేశాను. అందులో ఒక గొయ్యి ఉంది. మేనేజరు గడిని కావాలనే ఖాళీ చేశారనుకోండి. కొత్త విలువ సున్నా కాదు, ఖాళీ, డేటాబేస్ భాషలో నల్. కోఅలెస్ ఆ నల్‌ను చూసి దిద్దుబాటే లేదనుకుని మూల విలువను తెచ్చి పెడుతుంది. ఆయన ఖాళీ చేస్తారు, అంకె తిరిగి వస్తుంది, మళ్లీ ఖాళీ చేస్తారు, మళ్లీ వస్తుంది. అందుకే దిద్దుబాట్ల పట్టికలో "చర్య" అనే కాలమ్ ఒకటి చేర్చండి. దాని విలువ మూడింటిలో ఒకటి: మార్చు, ఖాళీ చేయి, మూలానికి తిరిగి వెళ్లు. వ్యూ ఈ చర్యను బట్టి నిర్ణయించాలి, విలువ నల్ అవునా కాదా అన్నదాన్ని బట్టి కాదు.

మార్చే సమయానికి ఉన్న మూల విలువను దాచమన్నది వృథా జాగ్రత్తలా కనిపించవచ్చు. అంచనా 400 ఉన్నప్పుడు మేనేజరు దాన్ని 450 చేశారు. వారం తర్వాత కొత్త లెక్కలో కంప్యూటర్ అంచనాయే 600 అయింది. ఇప్పుడు తెరమీద 450 అలాగే నిలవాలా? ఆయన ఉద్దేశం "కొంచెం పెంచుదాం" అన్నది. ఆ దిద్దుబాటు ఇప్పుడు తగ్గింపుగా మారిపోయింది. పాత మూల విలువ దగ్గరుంటే తేడాను పసిగట్టి, ఆ గడి పక్కన "మూలం మారింది, మళ్లీ చూడండి" అన్న గుర్తు పెట్టవచ్చు. లేకపోతే పాతబడిన నిర్ణయాలు చడీచప్పుడు లేకుండా పేరుకుంటాయి.

ఈ పట్టిక ఏ డేటాబేస్‌లో ఉండాలి? విశ్లేషణ కోసం వాడే స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ వంటివి డేటాను కాలమ్ వారీగా పెద్ద ముక్కలుగా నిల్వ చేస్తాయి. స్నోఫ్లేక్‌లో ఆ ముక్కలను ఒకసారి రాశాక మార్చడం కుదరదు. ఒక్క గడి మారినా ఆ ముక్కను కొత్తగా రాయాల్సిందే. కోట్ల వరుసలను కూడడానికి అవి పుట్టాయి, గడికొక మార్పు రాయడానికి కాదు. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది మరొకటి ఉంది. బిగ్‌క్వెరీలోనూ, స్నోఫ్లేక్ మామూలు పట్టికల్లోనూ ప్రైమరీ కీ, అంటే వరుసను గుర్తించే, రెండోసారి రాకూడని విలువ, ప్రకటించవచ్చు గానీ, నకిలీ వరుస వస్తే అవి అడ్డుకోవు. కింద చెప్పబోయే ఘర్షణ నివారణ అంతా ఆ అడ్డుకోవడం మీదే ఆధారపడింది. అందువల్ల దిద్దుబాట్లను పోస్ట్‌గ్రెస్ లాంటి వరుసల డేటాబేస్‌లో ఉంచండి. అది చిన్న పట్టికే కాబట్టి కొద్ది నిమిషాలకోసారి విశ్లేషణ వైపు నకలు చేయవచ్చు, లేదా డాష్‌బోర్డు ప్రోగ్రాములోనే రెండింటినీ కలపవచ్చు.

మూడో అడుగు: వరుసకు స్థిరమైన గుర్తింపు

"మూడో వరుసలో నాలుగో గడి" అన్నది చిరునామా కాదు. పట్టికను మరో క్రమంలో పేర్చగానే, ఒక వడపోత పెట్టగానే మూడో వరుస మారిపోతుంది.

అయినా చాలా పరికరాలు మార్పును స్థానంతోనే చెబుతాయి. పైథాన్‌తో డాష్‌బోర్డులు కట్టే స్ట్రీమ్‌లిట్‌లోని డేటా ఎడిటర్ మారిన వరుసలను వాటి స్థాన సంఖ్యతో అందిస్తుంది. తెరమీద పేర్చే క్రమం మార్చినా ఇబ్బంది లేదు, ఆ సంఖ్య మీరు ఇచ్చిన డేటాఫ్రేమ్‌కు, అంటే పైథాన్‌లోని పట్టికకు సంబంధించింది. కానీ ఈలోగా మీ ప్రోగ్రాము డేటాబేస్‌ను మళ్లీ అడిగి, క్రమం పేర్కొనని క్వెరీ వరుసలను ఇంకో వరసలో తెచ్చిందంటే, అదే సంఖ్య వేరే వస్తువును చూపుతుంది. క్వెరీలో క్రమం చెప్పే ఆర్డర్ బై తప్పకుండా పెట్టండి. భద్రం చేసే క్షణంలో స్థాన సంఖ్యను శాఖ, వస్తువు, నెలగా మార్చుకుని అవే పంపండి. వెబ్ పేజీలో పట్టిక చూపే ఏజీ గ్రిడ్ వాడితే ప్రతి వరుసకూ గుర్తింపు ఇచ్చే అమరిక ఉంది, దాన్ని మొదటిరోజే పూరించండి.

తానే పుట్టే క్రమసంఖ్యలను కీగా నమ్మకండి. రాత్రి లోడింగ్ మూల పట్టికను ఖాళీ చేసి మళ్లీ నింపితే, నిన్నటి 1045వ వరుస ఇవాళ మరో శాఖది కావచ్చు. దిద్దుబాటు వెళ్లి అక్కడ కూర్చుంటుంది. ఏ హెచ్చరికా రాదు. శాఖ, వస్తువు, నెల వంటి అర్థమున్న కీలే సురక్షితం.

కీ పెద్ద పూర్ణాంకమైతే ఇంకో చిక్కు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ సంఖ్యలు 9007199254740991 వరకే పూర్ణాంకాలను కచ్చితంగా పట్టుకుంటాయి. అంతకు మించిన 64 బిట్ల గుర్తింపు సంఖ్యల చివరి అంకెలు దారిలో మారిపోవచ్చు. వాటిని సంఖ్యగా కాక పాఠ్యంగా పంపండి.

నాలుగో అడుగు: పరికరం ఎంపిక

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. మీ సంస్థలో ఇప్పటికే ఏది నడుస్తోందో అదే చాలావరకు నిర్ణయిస్తుంది.

మైక్రోసాఫ్ట్ డాష్‌బోర్డు పరికరం పవర్ బీఐలోని పట్టిక, మ్యాట్రిక్స్ చూడడానికే పుట్టాయి, వాటి గళ్లలో టైపు చేయలేరు. నివేదికలో పవర్ యాప్స్ విజువల్‌ను, అంటే టైపు చేయగల చిన్న యాప్‌ను పొదగడం పాత దారి. 2025లో మైక్రోసాఫ్ట్ ట్రాన్స్‌లిటికల్ టాస్క్ ఫ్లోస్ పేరుతో, నివేదికలోని బొత్తాం నుంచి తన డేటా వేదిక ఫ్యాబ్రిక్‌లోని ఫంక్షన్‌ను నడిపే దారి తెచ్చింది. ఏది వాడినా ఒక సంగతి మరవకండి: నివేదిక డేటా నకలును తనలో దాచుకునే ఇంపోర్ట్ పద్ధతిలో ఉంటే మళ్లీ రిఫ్రెష్ జరిగేదాకా కొత్త అంకె కనిపించదు. ప్రో లైసెన్సులో రోజుకు 8 సార్లకు మించి రిఫ్రెష్ షెడ్యూల్ చేయలేరు. ప్రతిసారీ డేటాబేస్‌నే అడిగే డైరెక్ట్ క్వెరీ పద్ధతి అయితే ఈ బాధ లేదు. అలాంటిదే మరో పరికరం టాబ్లోలో 2018 నుంచి డాష్‌బోర్డు ఎక్స్‌టెన్షన్లు, అంటే బయట రాసి చేర్చే భాగాలు ఉన్నాయి, రాసే పని వాటి ద్వారానే.

పైథాన్ తెలిసినవారికి స్ట్రీమ్‌లిట్, డాష్ అనే లైబ్రరీలు దగ్గరి దారులు. స్ట్రీమ్‌లిట్‌తో ఒక పూటలో నమూనా తయారవుతుంది. ఏ చిన్న మార్పు చేసినా ప్రోగ్రాము మొదటినుంచి నడవడం దాని స్వభావం కాబట్టి, పెద్ద పట్టికలకు ఫారం లోపల పెట్టి ఒకేసారి భద్రం చేయించండి. డాష్‌లో ఏజీ గ్రిడ్ భాగం వాడితే ఏ వరుస, ఏ కాలమ్, పాత విలువ, కొత్త విలువ నాలుగూ నేరుగా చేతికొస్తాయి. డాష్‌లోని పాత పట్టిక భాగం డేటాటేబుల్‌లో మునుపటి డేటాతో ఇప్పటి డేటాను మీరే పోల్చుకోవాలి. పలు గళ్లను స్ప్రెడ్‌షీట్ నుంచి తెచ్చి ఒకేసారి అతికించే సౌకర్యం ఏజీ గ్రిడ్‌లో చెల్లింపు ఎడిషన్‌కే పరిమితం. అడిగేవారు తప్పక అడుగుతారు, ముందే లెక్కలో వేసుకోండి.

అయిదో అడుగు: గడి ప్రవర్తన

దిద్దగలిగే గడి చూడగానే తెలియాలి. లేత రంగు నేపథ్యం చాలు. దిద్దిన గడికి మూలన చిన్న గుర్తు, దానిమీద మౌస్ ఉంచితే మూల విలువ, మార్చినవారి పేరు, తేదీ కనిపించాలి. రంగులు పోల్చుకోలేనివారు ఉంటారు కనుక రంగుతోపాటు గుర్తు కూడా ఉండాలి.

కీబోర్డు విషయంలో కొత్తగా ఏమీ కనిపెట్టకండి. బాణాలతో గళ్ల మధ్య కదలిక, ఎంటర్ లేదా ఎఫ్2తో గడి తెరవడం, ఎస్కేప్‌తో మార్పు వదిలేయడం. వెబ్ పట్టికల సౌలభ్య మార్గదర్శకాలూ ఇవే చెబుతాయి, స్ప్రెడ్‌షీట్ అలవాటున్న వేళ్లూ వీటినే వెతుక్కుంటాయి. ఎస్కేప్ నొక్కినా అంకె భద్రమైపోయే పట్టికను ఎవరూ రెండోసారి నమ్మరు.

గడి వదలగానే భద్రం కావాలా, లేక "భద్రపరచు" బొత్తాం ఉండాలా? వ్యాఖ్య, స్థితి వంటి విడివిడి సంగతులకు తక్షణ భద్రత హాయిగా ఉంటుంది. అంచనాల వంటి వాటికి నేను బొత్తామే పెడతాను. మేనేజరు పది గళ్లు మార్చి, మొత్తం చూసుకుని, రెండు వెనక్కి తీసుకుని, అప్పుడు నిర్ణయిస్తారు. ఆ పదీ ఒకే ట్రాన్సాక్షన్‌గా వెళ్లాలి: అన్నీ చేరాలి లేదా ఏదీ చేరకూడదు. భద్రం కాని మార్పులు ఎన్ని ఉన్నాయో బొత్తాం మీదే కనిపించాలి, పేజీ మూసేయబోతే హెచ్చరించాలి.

సర్వర్ "సరే" అనకముందే కొత్త అంకెను స్థిరపడినట్టు చూపకండి. నెట్‌వర్క్ తెగితే, తెరమీద ఉన్నది డేటాబేస్‌లో ఉండదు, చూసేవారికి ఆ సంగతి తెలియదు.

ఆరో అడుగు: వచ్చిన విలువను తూచడం

బ్రౌజర్‌లో చేసే తనిఖీ మర్యాద కోసం, సర్వర్‌లో చేసే తనిఖీ రక్షణ కోసం. రెండూ కావాలి గానీ, నమ్మవలసింది రెండోదాన్నే. ఏ కాలమ్‌లు మార్చవచ్చో సర్వర్‌లో జాబితా ఉండాలి. బ్రౌజర్ పంపిన కాలమ్ పేరును నేరుగా డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించడం ఇల్లు తెరిచిపెట్టి ఊరెళ్లడమే. విలువలు ఎప్పుడూ పారామీటర్లుగానే, అంటే వాక్యంలో కలపకుండా విడిగానే వెళ్లాలి.

సంఖ్యలు. అతికించిన అంకెల్లో కామాలు, కరెన్సీ గుర్తులు, చివర ఖాళీలు ఉంటాయి. వెబ్ పేజీల నుంచి వచ్చిన వాటిలో మామూలు ఖాళీలా కనిపించే, విడిపోని ఖాళీ అనే మరో అక్షరం ఉంటుంది. కామా కొన్ని దేశాల్లో వేల విభజన, కొన్నింట దశాంశ చుక్క, కాబట్టి ఊహించకండి. సందేహం వస్తే తిరస్కరించి, ఎందుకో చెప్పండి. డబ్బు, పరిమాణాలకు దశాంశ రకాన్ని వాడండి. సంఖ్యను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ రకంలో 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. "విలువ మారిందా?" అని పోల్చేటప్పుడు ఇది ఎవరూ ముట్టని గడిని కూడా మారినట్టు చూపుతుంది.

తేదీలు. 03/04 అంటే ఏప్రిల్ 3 అనేవారూ ఉన్నారు, మార్చి 4 అనేవారూ ఉన్నారు. టైపు చేయనివ్వకుండా క్యాలెండరు చూపండి, లోపల ఏడాది, నెల, రోజు క్రమంలో 2025-04-03 లాగా పంపండి. గ్రీన్‌విచ్‌కు తూర్పున ఉండేవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బ్రౌజర్‌లో స్థానిక అర్ధరాత్రిని ప్రపంచ సమయంలోకి మార్చి పంపితే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. గంటలు అక్కర్లేని చోట గంటలు పంపవద్దు.

పాఠ్యం. తెలుగులో వర్గాలు, పేర్లు టైపు చేయిస్తే యూనికోడ్ సంగతి చూడక తప్పదు. ఐత్వాన్ని ఒక సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు. ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చి భద్రపరిస్తే ఆ తేడా పోతుంది. "డాష్‌బోర్డు" అన్న మాటలో ష్ తర్వాత కనిపించకుండా కూర్చున్న విడదీత అక్షరం మాత్రం ఆ మార్పిడితో పోదు. ఒకరు అది పెట్టి, మరొకరు పెట్టకుండా టైపు చేస్తే ఒకే వర్గం రెండుగా లెక్కకొస్తుంది. వర్గాలకు డ్రాప్‌డౌన్ జాబితా పెట్టండి, టైపు చేసే అవకాశం వ్యాఖ్యలకే వదలండి. ఆ వ్యాఖ్యల్లోనూ = గుర్తుతో మొదలయ్యేవాటిపై కన్నేయండి. పట్టికను స్ప్రెడ్‌షీట్‌గా దించుకున్నప్పుడు అవి సూత్రాలుగా నడిచే ప్రమాదం ఉంది.

చివరగా అర్థపు తనిఖీ. అంచనా రుణాత్మకం కాకూడదు, అది కచ్చితమైన నిషేధం. కంప్యూటర్ అంచనాకు రెట్టింపు దాటితే నిషేధం వద్దు, కారణం అడగండి. మనిషి విచక్షణ కోసమే గడి తెరిచాం, దాన్ని నియమాలతో బిగిస్తే మళ్లీ స్ప్రెడ్‌షీట్‌కే పారిపోతారు.

ఏడో అడుగు: ఇద్దరు ఒకే గడిని పట్టుకుంటే

ఇద్దరు ఉదయం పట్టిక తెరిచారు, ఇద్దరికీ 400 కనిపించింది. ఒకరు 450 చేసి భద్రపరిచారు. పది నిమిషాలకు రెండోవారు 380 చేసి భద్రపరిచారు. మొదటివారి మార్పు ఎవరికీ తెలియకుండా మాయమైంది. రెండోవారు తప్పు చేయలేదు, ఆయన తెరమీద 450 ఎప్పుడూ కనిపించలేదు.

గడికి ముందే తాళం వేసే పద్ధతి డాష్‌బోర్డుకు నప్పదు. గడి తెరిచి భోజనానికి వెళ్లినవారి తాళం ఎవరు తీస్తారు? మన పట్టికలోని దిద్దుబాటు వరుస సంఖ్య ఇక్కడే పనికొస్తుంది. తెర తెరిచినప్పుడు ప్రతి గడితోపాటు దాని తాజా వరుస సంఖ్య కూడా బ్రౌజర్‌కు వెళ్తుంది. దిద్దుబాటే లేకపోతే అది 0. భద్రం చేసేటప్పుడు చూసిన సంఖ్యకు 1 కలిపి కొత్త వరుస చేర్చమంటాం. శాఖ, వస్తువు, నెల, కాలమ్ పేరు, వరుస సంఖ్య అయిదూ కలిపి ఒక్కసారే ఉండాలన్న యూనిక్ నిబంధన డేటాబేస్‌లో పెడతాం. ఇద్దరూ 0 చూసి 1 చేర్చబోతే డేటాబేస్ ఒకరినే అనుమతిస్తుంది, రెండోవారిని తిప్పి పంపుతుంది. కొద్ది క్షణాల తేడాతో వచ్చినా లెక్క తప్పదు. "ముందు చదివి, మారలేదని చూసుకుని, తర్వాత రాస్తాను" అని ప్రోగ్రాములో చేసే తనిఖీకి ఈ హామీ లేదు. చదవడానికీ రాయడానికీ మధ్య సందులో ఎవరైనా దూరతారు.

తిప్పి పంపినప్పుడు సర్వర్ 409 అనే ఘర్షణ సంకేతం ఇవ్వాలి. తెర దాన్ని "లోపం సంభవించింది" అని చూపకూడదు. "మీరు 400 చూశారు, ఈలోగా ఫలానావారు 450 చేశారు, మీరు 380 అంటున్నారు" అని మూడు అంకెలూ చూపి ఎంచుకోనివ్వండి. ఆయన టైపు చేసినదాన్ని మాత్రం చెరపకండి.

ఎనిమిదో అడుగు: మొత్తాన్నే మార్చాలంటే

పైస్థాయివారు శాఖల అంకెలు చూడరు. మొత్తం 900 ఉంటే "950 చేయండి" అంటారు. మూడు శాఖల అంచనాలు 500, 300, 100. అదనపు 50 ఎవరి ఖాతాలో పడాలి?

ఇది కొత్త సమస్య కాదు. మైక్రోసాఫ్ట్ ఎనాలిసిస్ సర్వీసెస్‌లోని క్యూబులు, అంటే అంకెలను పలు కోణాల్లో కూడి చూపే నిల్వలు, ఈ పంపకానికి నాలుగు పద్ధతులు ఇచ్చాయి: అందరికీ సమాన విలువ, అందరికీ సమాన పెంపు, నిష్పత్తి ప్రకారం విలువ, నిష్పత్తి ప్రకారం పెంపు. ఆ క్యూబులు కూడా మూలాన్ని ముట్టుకోవు, తేడాలను మాత్రమే విడి పట్టికలో రాస్తాయి. సమాన విలువ అయితే 100 ఉన్న చిన్న శాఖ ఒక్కసారిగా 316 దాటుతుంది, అంచనాలకు అది పనికిరాదు. నిష్పత్తి ప్రకారం విలువే నేను ఎక్కువగా వాడేది.

లెక్క వేస్తే 527.78, 316.67, 105.56 వస్తాయి. వస్తువులను ముక్కలు చేయలేం కాబట్టి దగ్గరి పూర్ణాంకాలకు మార్చితే 528, 317, 106. కూడితే 951. అడిగింది 950. ఈ ఒక్క అంకె తేడా కోసం సమావేశంలో పావుగంట పోతుంది. ముందుగా దశాంశ భాగం తీసేయండి: 527, 316, 105, మొత్తం 948. మిగిలిన రెండింటినీ దశాంశ భాగం ఎక్కువగా ఉన్నవాటికి వరుసగా ఒక్కొక్కటి ఇవ్వండి: 528, 317, 105. మొత్తం సరిగ్గా 950.

పాత మొత్తం 0 అయితే నిష్పత్తి లేదు, సున్నాతో భాగించి ప్రోగ్రాము కూలుతుంది. అక్కడ సమాన విలువకు మారండి. పంచాక వచ్చిన ప్రతి శాఖ అంకె మామూలు దిద్దుబాటుగానే చేరాలి, అన్నింటికీ ఒకే గుంపు సంఖ్యతో. వెనక్కి తీసుకోవాలంటే ఆ గుంపునంతా ఒకేసారి తీసుకోవచ్చు.

తొమ్మిదో అడుగు: ఎవరికి ఏ హక్కు

డాష్‌బోర్డు డేటాబేస్‌లోకి వెళ్లే ఖాతాకు మూల పట్టికలపై చదివే హక్కు, దిద్దుబాట్ల పట్టికపై చదివే, చేర్చే హక్కు మాత్రమే ఇవ్వండి. మార్చే హక్కు, తొలగించే హక్కు అసలే వద్దు. ప్రోగ్రాములో పొరపాటు దొర్లినా చరిత్ర చెరగదు.

ఆ ఖాతా అందరికీ ఒకటే కాబట్టి మార్చినవారు ఎవరన్నది డేటాబేస్‌కు తెలియదు. ఆ పేరును లాగిన్ సెషన్ నుంచి సర్వరే నింపాలి. బ్రౌజర్ పంపిన పేరును నమ్మితే ఎవరి పేరునైనా రాసుకోవచ్చు. సర్వర్ నింపిన ఆ పేరును బట్టి ఏ మేనేజరు ఏ శాఖను దిద్దవచ్చన్న నియమాన్ని పోస్ట్‌గ్రెస్‌లో వరుస స్థాయి భద్రతగానే రాయవచ్చు, 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది. లెక్కలు మూసేసిన నెలలకు ఎవరికీ హక్కు ఉండకూడదు.

పదో అడుగు: దిద్దిన అంకె అంతటా కనిపించాలి

గడిలో 450 ఉంది, కింద మొత్తం మాత్రం పాతదే, పక్కన గ్రాఫు ఇంకా పాతది. ఒకే తెరమీద ఒకదాన్నొకటి ఖండించుకునే అంకెలు కనిపిస్తే చూసేవారు మూడింటినీ నమ్మరు. కారణం దాదాపు ఎప్పుడూ కాష్. క్వెరీ ఫలితాలను కాసేపు దాచుకునే ఆ నిల్వను, భద్రం కాగానే ఆ శాఖ, ఆ నెల వరకు ఖాళీ చేయండి. మొత్తాలు, గ్రాఫులు అన్నీ రెండో అడుగులో రాసిన వ్యూ నుంచే రావాలి, ఒక్కటి కూడా నేరుగా మూల పట్టిక నుంచి రాకూడదు. దిద్దుబాట్ల నకలు విశ్లేషణ వైపు కొద్ది నిమిషాలకోసారి వెళ్తుంటే ఆ ఆలస్యాన్ని దాచకండి. "చివరిగా కలిపిన సమయం 10:40" అని రాసిపెట్టండి.

విడుదలకు ముందు, తర్వాత

రెండు బ్రౌజర్ విండోలు తెరిచి, రెండు వేరు పేర్లతో లాగిన్ అయి, ఒకే గడిని మార్చి చూడండి. క్రమం మార్చి, వడపోత పెట్టి, ఆ స్థితిలో దిద్ది, సరైన వరుసకే చేరిందో డేటాబేస్‌లో చూడండి. గడిని ఖాళీ చేయండి, మూలానికి తిప్పండి. స్ప్రెడ్‌షీట్ నుంచి యాభై వరుసలు అతికించి, మధ్యలో ఒకదానిలో అక్షరాలు పెట్టండి. ఒక్కటీ చేరకూడదు, ఏ గడి తప్పో చెప్పాలి. భద్రపరచు నొక్కిన క్షణంలో నెట్‌వర్క్ తీసేయండి. అన్నింటికంటే ముందు, రాత్రి లోడింగ్‌ను చేతితో నడిపి దిద్దుబాట్లు నిలిచాయో లేదో చూడండి. నేను ఆరోజు చేయనిది ఇదే.

విడుదల ఒకే కాలమ్‌తో, ఇద్దరు ముగ్గురు మేనేజర్లతో మొదలుపెట్టండి. రెండు వారాల తర్వాత దిద్దుబాట్ల పట్టికను తెరిచి శాఖ వారీగా, వస్తువు వారీగా లెక్కించండి. ఒకే వస్తువును ప్రతి మేనేజరూ ప్రతి నెలా పైకే దిద్దుతున్నారంటే అది వారి విచక్షణ కాదు, అంచనా లెక్కలోనే లోపం. ఆ వరుసలను దించి, అంచనా సూత్రం రాసేవారికి పంపండి.